మూలిగే గేటు మోటారుకు బోర్డు మార్చాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఆరేళ్ల కిందట మావారు ఉన్నప్పుడు ఇంటి గేటుకు మోటారు పెట్టించారు. పక్కకు జరిగే గేటు. పొడవు 14 అడుగులు, ఎత్తు 5 అడుగులు. వీధిలోంచి లోపలికి కనిపించకుండా రెండేళ్ల కిందట ఊచల మీద 16 గేజీ రేకు కొట్టించాను. ఈ వేసవి నుంచి రిమోటు నొక్కితే లోపల టిక్కుమంటుంది, మోటారు మూలుగుతుంది, గేటు మాత్రం కదలదు. పనిమనిషి చేత్తో కాస్త తోస్తే అందుకుని వెళ్లిపోతుంది. రిమోటు కూడా గేటుకు రెండు గజాల దూరంలోకి వస్తేనే పని చేస్తోంది. మెకానిక్కు వచ్చి చూసి, బోర్డు పోయింది, మోటారు పాతబడింది, మొత్తం సెట్టు మార్చాలి, 38,000 అవుతుంది అన్నాడు. ఇంటర్నెట్లో అచ్చం అలాంటి బోర్డే 2,800 రూపాయలకు కనిపించింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి సంక్రాంతికి పిల్లలతో వస్తూ మోటారు, రిమోట్లు అక్కడి నుంచే తెస్తానంటున్నాడు. ఏది కొనమంటారు? అన్నట్టు, సాయంత్రాలు గేటు మూసుకుంటూ సగంలో ఆగి వెనక్కి వెళ్లిపోయేది. ఆ మెకానిక్కే లోపల ఏదో వైరు కలిపాడు, ఇప్పుడు ఆ బాధ లేదు.

సమాధానం: అమ్మా, నమస్కారం. మీరు "అన్నట్టు" అంటూ చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది అదే.

గేటు దారికి చెరో పక్క, మోకాలి ఎత్తులో, నల్లటి అద్దం ఉన్న చిన్న డబ్బీలు రెండు ఉంటాయి. వాటిని ఫోటో సెన్సర్లు అంటారు. ఒకటి కంటికి కనిపించని కిరణాన్ని పంపుతూ ఉంటుంది, రెండోది దాన్ని అందుకుంటూ ఉంటుంది. గేటు మూసుకుంటున్నప్పుడు మనిషో కుక్కో కారో అడ్డం వచ్చి కిరణం తెగిందంటే, రెండో డబ్బీలోని స్విచ్చి విడిపోతుంది. అది గమనించి బోర్డు, అంటే మోటారును నడిపించే సర్క్యూట్, గేటును ఆపి వెనక్కి పంపుతుంది. మీ మెకానిక్కు ఆ స్విచ్చి తాలూకు రెండు స్క్రూలను అంగుళం పొడవు వైరు ముక్కతో కలిపి ఉంటాడు. ఇక కిరణం తెగినా బోర్డుకు తెలియదు. గేటు కళ్లకు గంతలు కట్టినట్టే. మీకు బాధ తగ్గింది నిజమే, కానీ ఆ గేటు ఇప్పుడు ఎవరు అడ్డం ఉన్నా మూసుకుంటుంది.

యూరప్‌లో ఇలాంటి గేట్లకు ఈఎన్ 12453 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం, అర మీటరులోపు సందులో గేటు మనిషిని నొక్కితే ఆ తాకిడి 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోల బరువుతో నొక్కినంత, దాటకూడదు. ముప్పావు సెకనులోగా అది 150 న్యూటన్ల కిందికి పడిపోవాలి. మన వీధుల్లో ఇళ్లకు బిగించే గేట్లను అలా కొలిచేవారు దాదాపు ఉండరు. మీలాంటి ఇళ్లలో ఉండే, ఇంటి కరెంటుతో నేరుగా నడిచే మామూలు ఏసీ మోటార్లలో చాలావాటికి తన ముందున్నది గాలో మనిషో తెలుసుకునే ఏర్పాటు కూడా ఉండదు. అందుకని ఆ రెండు డబ్బీలే దిక్కు. సంక్రాంతికి మీ మనవలు ఆ గేటు దగ్గరే ఆడుకుంటారు. ఏ భాగం కొన్నా కొనకపోయినా, ముందు ఆ వైరు ముక్క తీయించండి. తీసి, గేటు సరిగ్గా పని చేసేదాకా మోటారును విడగొట్టి చేత్తోనే నడపండి.

ఇక గేటు సాయంత్రాలే ఎందుకు వెనక్కి వెళ్లేది? కిరణాన్ని అందుకునే డబ్బీ పడమటి వైపు చూస్తోందేమో గమనించండి. దిగే ఎండ నేరుగా దాని అద్దంలో పడితే అది కిరణాన్ని గుర్తుపట్టలేదు, దారికి ఏదో అడ్డం వచ్చిందనుకుంటుంది. మబ్బు పట్టిన సాయంత్రాల్లో గేటు సరిగ్గా మూసుకునేదంటే కారణం ఇదేనని నమ్మవచ్చు. దీనికి కొత్త సెన్సర్లు అక్కర్లేదు. రెండు డబ్బీల చోట్లు అటూ ఇటూ మార్పిస్తే సరిపోతుంది. అందుకునే డబ్బీకి నాలుగు తీగలు కావాలి, పంపే దానికి రెండే చాలు. అవతలి పక్కకు తీగలు చాలకపోతే, పీవీసీ గొట్టం ముక్కకు లోపల నల్లరంగు వేసి అద్దం చుట్టూ గొడుగులా బిగించినా ఎండ ఆగుతుంది. ముందు మెత్తటి గుడ్డతో అద్దాలు తుడవండి. సాలెగూడు ఒక్కటే తప్పు చేసిన ఇళ్లు నేను చూశాను. పంపే డబ్బీ బతికి ఉందో లేదో తెలియాలంటే ఫోను ముందు కెమెరాలోంచి దాని అద్దాన్ని చూడండి, చాలా ఫోన్లలో ఊదారంగు చుక్క వెలుగుతూ కనిపిస్తుంది. నిజంగా పాడైతే మాత్రం ఒక్కటి కాకుండా జతగా కొనండి. బోర్డు ఇచ్చేది 12 వోల్టులా 24 వోల్టులా చూసుకుని, మామూలుగా కలిసి ఉండి కిరణం తెగినప్పుడు విడిపోయే స్విచ్చి ఉన్నదే అడగండి.

ఇప్పుడు మూలుగు సంగతి. మీ మెకానిక్కు బోర్డు పోయిందన్నాడు. మీరు రాసిన లక్షణాలే ఆ మాటకు అడ్డం వస్తున్నాయి. టిక్కుమన్న చప్పుడు బోర్డు మీది రిలేది, అంటే మోటారుకు కరెంటు కలిపే చిన్న స్విచ్చిది. మూలుగు, మోటారుకు కరెంటు అందుతున్నందువల్ల వచ్చేది. అంటే బోర్డు రిమోటు మాట విన్నది, రిలేను కలిపింది, మోటారుకు కరెంటు పంపింది. చేయవలసినవన్నీ చేసింది. మోటారు తిరగలేకపోతోంది, అంతే.

ఎందుకు తిరగలేకపోతోంది? ఇంటి కరెంటుకు ఉన్న పరిమితి ఒకటి చెప్పాలి. తిరగలి పిడిని ముందుకూ వెనక్కూ మాత్రమే లాగితే రాయి తిరగదు, పక్కకు కూడా సరైన సమయానికి ఒక తోపు పడాలి. సింగిల్ ఫేజ్ కరెంటు ఆ ముందుకూ వెనక్కూ లాగే చెయ్యి. పక్కతోపు ఇచ్చేందుకు మోటారులో రెండో తీగ చుట్ట ఉంటుంది. ఆ చుట్టకు కరెంటును కాస్త ముందువెనుకగా అందించేది కెపాసిటర్. ఎలక్ట్రీషియన్లు చాలామంది ఇప్పటికీ దాన్ని కండెన్సర్ అంటారు. అది నీరసించిందంటే పక్కతోపు పడదు, మోటారు నిలుచున్నచోటే మూలుగుతుంది. అప్పుడు ఎవరైనా చేత్తో తోస్తే అందుకుంటుంది. మీ పనిమనిషి రోజూ కెపాసిటర్ చేయవలసిన పనే చేస్తోంది.

మోటారు మూత తీస్తే, టార్చిలైటు సెల్లు కంటే లావుగా, తెల్లగానో బూడిదరంగులోనో స్తంభంలా కనిపించేది అదే. దాని ఒంటి మీద కొనవలసిన వివరమంతా అచ్చువేసి ఉంటుంది. ఉదాహరణకు 16 మైక్రోఫారడ్‌లు, 5 శాతం అటూ ఇటూ, 450 వోల్టులు, 40/85/21 అని ఉందనుకోండి. మొదటి అంకె దాని శక్తి. కొత్తది కచ్చితంగా అంతే ఉండాలి. వోల్టులు పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండవచ్చు, తక్కువ మాత్రం పనికిరాదు. చివరి మూడు అంకెలను దుకాణదారులు కూడా పట్టించుకోరు కానీ, మన ఎండలకు ముఖ్యమైనవి అవే. సున్నాకు కింద 40 డిగ్రీల చలి నుంచి 85 డిగ్రీల వేడి దాకా పని చేస్తుందని, తేమ పరీక్షలో 21 రోజులు తట్టుకుందని దానికి అర్థం. 40/70/21 అని ఉన్నవి కూడా దొరుకుతాయి. వైశాఖ మాసంలో మీ ఊరి ఎండలో, నల్లటి ప్లాస్టిక్ మూత కింద, పక్కనే వేడెక్కిన మోటారు ఉన్న చోట 70 డిగ్రీలది ఎక్కువకాలం నిలవదు. 85 ఉన్నదే అడిగి తీసుకోండి. మీ గేటు వేసవిలోనే మొరాయించడం మొదలుపెట్టిందన్న మాట కూడా కెపాసిటర్ వైపే చూపుతోంది.

మార్చేముందు కొలిపించండి. కెపాసిటర్ కొలిచే వీలున్న మల్టీమీటర్ ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉంటుంది. 16 అని రాసి ఉన్నది 9 చూపిస్తే సందేహమే అక్కర్లేదు. మెయిన్ ఆపాక కూడా కెపాసిటర్‌లో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది కనుక ఈ పని మీరు చేయవద్దు, తెలిసిన మనిషి చేతే చేయించండి. ఒక హెచ్చరిక: "సరిగ్గా అదే దొరకలేదు, ఇది ఇంకా గట్టిది" అంటూ నీళ్ల పంపుకు వాడే పెద్ద కెపాసిటర్ పెట్టనివ్వవద్దు. గేటు మొదటి రోజు పరుగెత్తుతుంది, తర్వాత చుట్ట వేడెక్కి మాడిపోతుంది. ఫ్యాను కెపాసిటర్ రెండు మూడు మైక్రోఫారడ్‌లే ఉంటుంది, దానితో గేటు కదలదు. సరైనది కొన్ని వందల రూపాయల్లో వస్తుంది.

మూత తీసినప్పుడే మోటారు చుట్టలు కూడా కొలవమనండి. మోటారు నుంచి మూడు తీగలు వస్తాయి. ఒకటి ఉమ్మడిది, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి. ఉమ్మడి తీగకూ మిగతా రెండింటికీ మధ్య నిరోధం విడివిడిగా కొలిస్తే రెండూ దాదాపు ఒకటే రావాలి, ఆ రెండు తీగల మధ్య కొలిస్తే రెట్టింపు రావాలి. ఇక్కడ పన్నెండు, అక్కడ పన్నెండు, అటూ ఇటూ కలిపి ఇరవై నాలుగు ఓములు వచ్చాయనుకోండి, చుట్టలు క్షేమం. ఒక పక్క పన్నెండు, ఇంకో పక్క ఏడు వస్తే ఆ చుట్ట లోపల కాలింది. "మోటారు పాతబడింది" అన్న మాటను ఈ మూడు అంకెలు చూశాకే నమ్మండి. కొలవడానికి రెండు నిమిషాలు చాలు.

అయితే కెపాసిటర్ మార్చి ఊరుకుంటే మళ్లీ రెండేళ్లకు ఇదే ఉత్తరం రాస్తారేమోనని నా అనుమానం. దానికి కారణం మీరు కొట్టించిన రేకు.

లెక్క వేద్దాం. 16 గేజీ రేకు మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. ఇనుము చదరపు మీటరుకు, ఒక్కో మిల్లీమీటరు మందానికి, 7.85 కిలోలు తూగుతుంది. మీ గేటు వైశాల్యం ఆరున్నర చదరపు మీటర్లు. అంటే రేకు ఒక్కటే 80 కిలోలు దాటింది. మోటారు మీది చీటీలో 600 కిలోలనో 800 అనో ఉండి ఉండవచ్చు కనుక బరువు ఒక్కదానికే అది లొంగిపోదు. కానీ ఆ బరువంతా కింది రెండు చక్రాల మీద పడుతోంది. దానికితోడు, ఊచల గేటులోంచి గాలి దూరిపోతుంది, రేకు గేటు గాలికి ఎదురు నిలుస్తుంది. గోదావరి గాలికి తెరచాప ఎలా నిండుతుందో మీ ఊరివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అందుకే మెకానిక్కును పిలిచే ముందే ఒక పరీక్ష చేయండి. మోటారుకు తాళంచెవితో తిప్పే చిన్న మీట ఉంటుంది. మెయిన్ ఆపి ఆ మీట తిప్పితే మోటారుకూ గేటుకూ సంబంధం తెగుతుంది. అప్పుడు గేటును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చేత్తో నెట్టించండి. మీ మోకాళ్లకు శ్రమ వద్దు, పనిమనిషి చాలు. గేటు ఒక చేత్తో, ఒకే ఊపున సాగాలి. ఎక్కడైనా బిగిసినా, కీచుమన్నా, రెండు చేతులూ భుజమూ పెట్టవలసి వచ్చినా, తప్పు మోటారుది కాదు, గేటుది. ఆ స్థితిలో ఎంత ఖరీదైన మోటారు తెచ్చినా అదీ ఇలాగే అలిసిపోతుంది. విడిభాగాల దుకాణానికి వెళ్లేముందు అందరూ చేయవలసిన పరీక్ష ఇది. చాలామంది చేయరు. నేను కూడా మొదట్లో ఒక ఇంట్లో ఇది చేయకుండా బోర్డు మార్పించి, తర్వాత గేటు చక్రాలు నడిచే పట్టా మీద గట్టిపడిన సిమెంటు ముద్దను చూసి ఎంతో బాధపడ్డాను. ఆ ఇంటివాళ్ల డబ్బు అనవసరంగా ఖర్చయింది.

గేటు బిగుతుగా ఉంటే ముందు చక్రాలు చూడండి. కింద పట్టాగా గుండ్రటి కడ్డీ వేసి ఉంటే చక్రం గాడి కూడా గుండ్రంగా ఉండాలి. యాంగిలర్‌ను (ఎల్ ఆకారపు ఇనుప బద్దను) తిరగేసి వేసి ఉంటే గాడి కోణంగా ఉండాలి. ఒకదానికి ఇంకొకటి పెడితే చక్రమూ పట్టా రెండూ ఒకదాన్నొకటి తింటాయి. పాత చక్రాన్ని చేత్తో పట్టుకుని వెళ్లి దాని వ్యాసం, గాడి, ఇరుసు మందం సరిచూసుకునే కొనండి. బేరింగ్ మీద నంబరు చెక్కి ఉంటుంది, అదే నంబరు అడగండి. రెండు చక్రాలూ ఒకేసారి మార్చాలి, లేకపోతే గేటు ఒక పక్కకు ఒరుగుతుంది. మార్చేటప్పుడు గేటును జాకీతో లేపుతారు. ఆ కాసేపు చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు. గేటు పట్టా దాటి బయటికి పోకుండా రెండు చివర్లా ఇనుప అడ్డాలు గట్టిగా ఉన్నాయో లేదో అప్పుడే చూడండి. పక్కకు జరిగే గేటు అడ్డం లేక చివర దాటిందంటే మనుషుల మీద పడుతుంది.

చక్రాలు అరిగితే ఇంకో చిక్కు కూడా వస్తుంది. గేటుకు అడుగున పొడుగునా బిగించిన పళ్ల పట్టీని ర్యాక్ అంటారు, మోటారు నుంచి బయటికి వచ్చి దాన్ని జరిపే పళ్ల చక్రం పినియన్. ఆ రెండింటి పళ్ల మధ్య ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. చక్రాలు రెండు మిల్లీమీటర్లు అరిగితే గేటుతోపాటు పట్టీ కూడా అంత కిందికి దిగి పినియన్ మీద కూర్చుంటుంది. చక్రాలు మోయవలసిన బరువు మోటారు ఇరుసు మోస్తుంది. లోపలి గేర్లు, బేరింగులు పాడయ్యే దారి అది. వెనక నుంచి టార్చి వేసి చూడండి, పళ్ల మధ్య సన్నటి వెలుగు గీత గేటు పొడవునా కనిపించాలి. ఒకచోట కనిపించి ఇంకోచోట మాయమైతే అక్కడ పట్టీని పైకి లేపి బిగించాలి.

పట్టీ పళ్లు విరిగి ఉంటే ఆ ముక్క ఒక్కటే మార్చవచ్చు. పళ్ల సైజును మాడ్యూల్ అనే అంకెతో చెబుతారు, ఇంటి గేట్లకు ఎక్కువగా వాడేది మాడ్యూల్ 4 పళ్లు. టైలరు టేపుతో పది పళ్ల దూరం కొలవండి. పన్నెండున్నర సెంటీమీటర్లు, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే 125.7 మిల్లీమీటర్లు వస్తే అది మాడ్యూల్ 4. ఇటలీ మోటారుకైనా చైనా మోటారుకైనా మాడ్యూల్ 4 పినియన్ ఉంటే ఏ కంపెనీ మాడ్యూల్ 4 పట్టీ అయినా సరిపోతుంది. బ్రాండు పేరు కోసం ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. మీ గేటు బరువైంది కనుక నైలాన్ పట్టీ కంటే ఇనుప పట్టీ మేలని నా అభిప్రాయం. చప్పుడు కాస్త ఎక్కువ చేస్తుంది, కానీ నిలుస్తుంది. అతుకు దగ్గర పళ్ల దూరం తప్పకుండా ఉండాలంటే, మంచి పనివాడు ఇంకో పట్టీ ముక్కను తిరగేసి ఆ అతుకు మీద పళ్లలో పళ్లు ఇరికించి పట్టుకుని బోల్టులు బిగిస్తాడు. అలా చేయడం చూస్తే అతనికి పని వచ్చని తెలుసుకోవచ్చు.

కరెంటు సంగతి కూడా ఒక మాట. సాయంత్రం వీధిలో వాడకం పెరిగి వోల్టేజి పడిపోతే ఇలాంటి మోటారు బలం వోల్టేజి కంటే వేగంగా పడిపోతుంది. 230 వోల్టులు రావలసిన చోట 190 వస్తే మోటారు బలం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. బరువు పెరిగిన గేటుకు ఆ తగ్గుదల చాలు. గేటు కదలనప్పుడు మోటారు దగ్గరే వోల్టేజి కొలిపించండి. దూరంగా, సన్నటి వైరుతో కరెంటు లాగి ఉంటే అది కూడా అక్కడే బయటపడుతుంది.

ఇంటర్నెట్లో చూసిన ఆ 2,800 బోర్డు ఇప్పుడు కొనవద్దు. బోర్డు పోయిందనడానికి మీ ఉత్తరంలో ఆధారం లేదు. ఎప్పుడైనా నిజంగా అవసరమైతే బొమ్మ చూసి ఆర్డరు ఇవ్వకూడదు. "అచ్చం అలాంటిదే" అన్న మాట బోర్డుల విషయంలో చాలా మోసం చేస్తుంది. మోటారు 230 వోల్టుల ఏసీదా, 24 వోల్టుల డీసీదా అన్నది మొదటి ప్రశ్న. గేటు చివరికి వచ్చినప్పుడు ఆపే లిమిట్ స్విచ్చి, స్ప్రింగు తగిలి నొక్కుకునేదా, అయస్కాంతంతో పని చేసేదా అన్నది రెండోది. ఆ స్విచ్చి మామూలుగా కలిసి ఉంటుందా విడిపోయి ఉంటుందా అన్నది మూడోది. ఈ మూడో దాంట్లో తప్పితే గేటు చివర ఆగదు, అడ్డాన్ని గుద్దుతుంది. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ ఉన్న మోటారైతే అదే కంపెనీ బోర్డు తప్ప వేరేది పెట్టవద్దు. ఏసీ మోటారు, స్ప్రింగు లిమిట్ స్విచ్చి అయితే అన్ని కంపెనీలకూ పనికొచ్చే బోర్డులు దొరుకుతాయి, అవి బాగానే పని చేస్తాయి. ఫోటో సెన్సర్ల తీగలు బిగించే చోటు లేని బోర్డు మాత్రం ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

బోర్డు చచ్చిపోయినట్టు కనిపించినప్పుడు కూడా మొత్తం పోవడం అరుదు. నేను తెరిచిన ఒక పెట్టెలో బల్లి ఒకటి అడ్డంగా ఎండిపోయి ఉంది, తల ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, తోక రిలే కాళ్ల మీద. ఫ్యూజు మాడింది, రిలే ఒకటి పాడైంది, ఆ చుట్టుపక్కల నల్లటి మసి. రిలే మీద దాని వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. అదే అంకెల రిలే తెచ్చి, టీవీలు బాగుచేసే అతను పావుగంటలో అతికించి, మసి తుడిచి ఇచ్చాడు. పిడుగుపాటుకైతే ముందు మాడేది బిళ్లలా ఉండే వేరిస్టర్. తాను మాడి మిగతా బోర్డును కాపాడడమే దాని పని. అది మార్చితే చాలాసార్లు బోర్డు లేచి కూర్చుంటుంది. మీ పెట్టెలో బల్లులూ చీమలూ చేరకుండా, కింద నుంచి వైర్లు వచ్చే గొట్టం మూతిని స్పాంజి ముక్కతో మూయించండి.

రిమోటు దగ్గరి నుంచే పని చేయడానికి మొదటి అనుమానం సెల్లు మీద. రిమోటు వెనక మూత తీసి చూస్తే చాలావాటిలో వేలి కొసంత 12 వోల్టుల సెల్లు ఉంటుంది. 23ఏ, 27ఏ అని రెండు రకాలు. రెండూ దాదాపు ఒకే పొడవు, ఒకే వోల్టులు, కానీ 23ఏ లావు 10 మిల్లీమీటర్లు, 27ఏ 8 మిల్లీమీటర్లు. పాతదాని మీద ఏది రాసి ఉంటే అదే కొనండి. లైటు వెలుగుతోంది కదా, సెల్లు బాగానే ఉందని అనుకోకండి. నీరసపడిన సెల్లుకు లైటు వెలుగుతుంది, సంకేతం మాత్రం దూరం పోదు.

సెల్లు మార్చినా దూరం పెరగకపోతే బోర్డు నుంచి బయటికి వేలాడే ఒంటి తీగను చూడండి. అది యాంటెన్నా. మన దగ్గర ఈ రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఆ తరంగం పొడవులో నాలుగో వంతు సుమారు 17 సెంటీమీటర్లు, జానెడుకు కొంచెం తక్కువ. అది తెగి పొట్టిదైనా, చుట్టచుట్టి ఇనుప పెట్టె మూలన తోసినా దూరం పడిపోతుంది. మెకానిక్కు పని చేసి వెళ్లాకే దూరం తగ్గిందేమో గుర్తు చేసుకోండి. ఇక్కడ కూడా మీ రేకు పాత్ర ఉంది. వీధిలో కారులో కూర్చుని నొక్కితే, రేడియో సంకేతానికి ఆ ఇనుప గోడ అడ్డం. రేకు కొట్టించిన నాటి నుంచే దూరం తగ్గి ఉంటే, యాంటెన్నాను ప్రహరీ గోడ మీదికి పొడిగించే కిట్టు దొరుకుతుంది, అది పెట్టించండి.

అదనపు రిమోట్లు కావాలంటే మీది ఏ రకమో తెలుసుకోవాలి. ప్రతిసారీ ఒకే కోడ్ పంపే రిమోటును రెండు రిమోట్లు ఎదురెదురుగా పెట్టి నకలు తీయవచ్చు. అదే దాని బలహీనత కూడా, ఎవరైనా తీయగలరు. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ రకానికి నకలు కుదరదు, అదే కంపెనీ రిమోటు కొని బోర్డుకు నేర్పించాలి. ఒంటరిగా ఉండే మీకు రోలింగ్ కోడ్ మేలు. బోర్డు మార్చకుండానే పక్కన వేరే రిసీవర్ (రిమోటు సంకేతాన్ని అందుకునే పెట్టె) పెట్టించి ఆ సౌకర్యం తెచ్చుకోవచ్చు. ఒక రిమోటు పోయిందంటే మాత్రం బోర్డు జ్ఞాపకంలోంచి అన్నింటినీ చెరిపించి, చేతిలో ఉన్నవి మళ్లీ నేర్పించండి.

మీ అబ్బాయిని మోటారు తేవద్దనండి. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. అక్కడి గేటు రిమోట్లు ఎక్కువగా 310, 315, 390 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తాయి, మీ బోర్డు వాటిని వినదు. అతను సాయం చేయదలిస్తే అంతకంటే మంచి పని ఉంది. మోటారు మీది చీటీని ఫోటో తీసి పంపండి, ఆ మోడల్ నంబరుతో కంపెనీ పుస్తకం వెతికి తీగల పటం పంపమనండి. మెకానిక్కు పని చేస్తున్నప్పుడు ఆ పటం మీ చేతిలో ఉంటే చాలా తప్పులు జరగవు. ఏ తీగ విప్పే ముందైనా బోర్డు ఫోటో తీసి ఉంచుకోండి.

మొత్తం సెట్టు మార్చవలసిన రోజు కూడా వస్తుంది. చుట్ట కాలి, లోపలి గేరు కూడా అరిగి, రెండు ఖర్చులు కలిపి కొత్తదాని సగం ధర దాటుతుంటే కొత్తదే కొనండి. గేరు ఒక్కటే పోతే పాతదాన్ని పట్టుకెళ్లి పళ్ల లెక్క, రంధ్రం, లోహం సరిచూసి తెచ్చుకోవచ్చు. కంచు గేరు ఉన్న చోట ప్లాస్టిక్ గేరు పెట్టనివ్వకండి. మీ మోటారు ఇంకా ఆ దశకు వచ్చినట్టు నాకు అనిపించడం లేదు. కాబట్టి ఆ 38,000 మీ దగ్గరే ఉంచుకుని, వైరు ముక్క తీయించడం, చేత్తో నెట్టి చూడడం, చక్రాలు, పళ్ల సందు, కెపాసిటర్, రిమోటు సెల్లు, ఈ వరసలో నడవండి. మెకానిక్కుకు అతని శ్రమకు తగిన కూలి ముందే మాట్లాడుకోండి. కొలిచి చూసినందుకు డబ్బు రాదనుకుంటే ఎవరైనా వస్తువు అమ్మడానికే చూస్తారు.

పని అయ్యాక అతను వెళ్లకముందే ఖాళీ అట్టపెట్టె ఒకటి తెచ్చి గేటు దారి మధ్యలో, సెన్సర్ల కిరణానికి అడ్డంగా పెట్టించండి. రిమోటు నొక్కి గేటు మూయించండి. పెట్టెను తాకకుండా గేటు ఆగి వెనక్కి వెళ్లాలి. పగలు ఒకసారి, ఎండ దిగే వేళ ఇంకోసారి ఇదే పరీక్ష చేయండి. రెండుసార్లూ పెట్టె నలగకుండా ఉంటేనే అతనికి డబ్బులు ఇవ్వండి.